ఇంటి స్థలంలో ఊట పడితే

ఎండాకాలంలో స్థలం చూస్తారు, మట్టి ఎండిపోయి గట్టిగా ఉంటుంది. పునాది తీసినప్పుడు కాస్త చెమ్మ తగిలితే మేస్త్రీ "ఏం కాదు సార్, ఇసుక పోసేద్దాం" అంటాడు. కార్తీకం వచ్చేసరికి హాల్లో టైల్స్ సందుల్లోంచి నీళ్లు ఉబుకుతాయి. విశాఖపట్నంలో కొండ వాలు లేఅవుట్లలోనూ, అరకు, పాడేరు వైపు కొత్తగా కట్టే ఇళ్లలోనూ ఈ వరస మామూలే. ఊట ఉన్న స్థలం చెడ్డ స్థలమేమీ కాదు. ఊటను మూసేద్దాం అనుకోవడంతోనే కష్టాలన్నీ మొదలవుతాయి. నీటికి మీరు చూపించే దారి, అది వెతుక్కునే దారికంటే పల్లంలో ఉండాలి. కింద రాసిందంతా దాని గురించే.

తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉండేది ఖోండలైట్ రాయి. ఆ కొండల్లోని ఖోండు గిరిజనుల పేరు మీదే దానికా పేరు వచ్చింది. ఈ రాయి పైభాగం వానకీ ఎండకీ పుచ్చి, చేత్తో నలిపితే పొడి అయ్యేంత మెత్తబడుతుంది. దాని మీద ఎర్రమట్టి, కింద గట్టి బండ. వాన నీరు మట్టిలోంచి, మెత్తని రాతిలోంచి దిగుతుంది, బండ తగలగానే దిగలేక దాని మీదుగా పక్కకు జారుతుంది. కొండ వాలు ఆ పొరను ఎక్కడ కోస్తే అక్కడ ఊట. సింహాచలం కొండ మీద గంగధార, ఆ కొండకే ఇంకో పక్కనున్న మాధవధార అందరికీ తెలిసిన ఊటలు. మీ స్థలం చదును చేయడానికి జేసీబీతో వాలును ఆరడుగులు చెక్కినా అదే జరుగుతుంది: లోపల ఎక్కడో జారిపోతున్న నీటికి మీరే తలుపు తీసినట్టు.

అందుకే చెక్కిన గోడను ఒకసారి దగ్గరగా చూడండి. ఎర్రమట్టి, మెత్తని రాయి, బండ చారలుచారలుగా కనిపిస్తాయి. బండకు జానెడు పైన ముదురు రంగు తడి గీత ఒకటి అడ్డంగా పోతుంటే ఊట వచ్చేది అక్కడినుంచే. మే నెలలో కూడా పచ్చగా ఉన్న తుంగ, మొగలి పొద, ఎండ్రకాయ బొరియలు, రాయి మీద నాచు, ఎండిన చోట తెల్లటి ఉప్పు పూత కూడా ఊట గుర్తులే. స్థలం కొనేముందు చూడాలంటే అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య, ఒక వాయుగుండం వెళ్లిన వారం తర్వాత వెళ్లండి. వాన పడిన రోజు అంతా తడే కాబట్టి ఏమీ తెలియదు. వారం తర్వాత కూడా తడి ఉందంటే అది ఊట.

ముందు అది ఊటేనా

పట్నంలో నీళ్లు ఉబికితే సగం సార్లు అది పగిలిన పైపే. రోజుకు గంటో రెండు గంటలో మంచినీళ్లు వదిలే వీధుల్లో, ఆ గంటల్లోనే తడి పెరిగి తర్వాత తగ్గుతుంటే ఇక వెతకనక్కర్లేదు. క్లోరిన్ చూసే చుక్కల మందు కిట్ చౌకగా దొరుకుతుంది. నీరు పసుపు రంగుకు తిరిగితే అది కుళాయి నీరే. పసుపు రాకపోతే మాత్రం కాదని తేల్చేయకండి, మట్టిలోంచి నడిచేలోపు క్లోరిన్ చచ్చిపోతుంది.

రెండో అనుమానం పై ఇంటివాళ్ల సెప్టిక్ ట్యాంక్ మీద. వాసన, నల్లటి జిగురు ఉంటే తేలికే. అవి లేకపోతే నీటిలో కరిగిన లవణాలు చూపే టీడీఎస్ మీటర్ పెట్టండి. దగ్గర్లో జనం లేని కొండ ఊట నీటిలో ఒకసారి, మీ నీటిలో ఒకసారి చూసి పోల్చండి. మన కొండ ఊటల్లో సాధారణంగా అంకె తక్కువ ఉంటుంది. మీది దానికి రెండు మూడు రెట్లుంటే ల్యాబ్‌లో నైట్రేట్, ఈ-కోలై (మలంలో ఉండే బ్యాక్టీరియా) పరీక్షలు చేయించాకే మిగతా పని.

తెలంగాణలో, రాయలసీమలో ఇంకో రకం ఉంది. చెరువు కట్ట కింద ఆయకట్టు భూములు ఇళ్ల స్థలాలయ్యాక, చెరువు నిండిన ఏడాది ఇళ్ల కింద నీరు పైకి వస్తుంది. ఇది కట్టలోంచి జారే జాలు నీరు. చెరువు మట్టంతో పాటే పెరిగి, దానితో పాటే తగ్గుతుంది. పైనెవరో వరి వేసినా ఇలాంటిదే, కోతకు ముందు మళ్లు ఆరబెట్టగానే తగ్గిపోతుంది.

ఊటే అని తేలాక కొలవాలి. కొలవకుండా పైపు కొనడం, కాలు కొలవకుండా చెప్పులు కొనడం ఒకటే. నీరు ఒకచోట చేరేలా చిన్న మట్టి కట్ట వేసి, అందులో పైపు ముక్క పెట్టి, 20 లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. 40 సెకన్లలో నిండితే నిమిషానికి 30 లీటర్లు, రోజుకు 43,200 లీటర్లు. అదే ఊట మే నెలలో బకెట్ నింపడానికి 6 నిమిషాలు తీసుకోవచ్చు, అప్పుడు రోజుకు 4,800. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన ఐదుగురికి 675 చాలు కాబట్టి, మే నెల ధార కూడా ఇంటికి ఎక్కువే. కార్తీకం లెక్కతో కాలవ, మే నెల లెక్కతో ట్యాంకు. ఈ రెండు అంకెలూ తారుమారైతే ఒకటి పొంగుతుంది, ఇంకోటి ఎండుతుంది.

ధార బకెట్‌కు లొంగనంత ఉంటే రేకు ముక్కలో 90 డిగ్రీల వీ ఆకారపు గంటు కోసి కాలవకు అడ్డంగా నిలబెట్టండి. గంటు అడుగు కొస నుంచి నీటి ఎత్తు 3 సెంటీమీటర్లుంటే నిమిషానికి సుమారు 13 లీటర్లు, 5 ఉంటే 46, 10 ఉంటే 260. ఎత్తును గంటు దగ్గర కొలవకూడదు, అక్కడ నీరు వంగి పడుతుంది. ఒక మూర వెనక్కి వెళ్లి నిలకడగా ఉన్నచోట స్కేలు పెట్టాలి. నెలకోసారి తేదీ వేసి రాసుకోండి. ఏడాది పట్టీ చేతిలో ఉంటే ఏ ఇంజనీరైనా మీ మాట వింటాడు.

గచ్చు ఎందుకు లేస్తుంది

ఊట కన్నులో సిమెంటు, బంకమట్టి కుక్కి మూసేసి గచ్చు పోయడం చాలామంది చేసే మొదటి పని. నీరు ఆగినట్టే కనిపిస్తుంది. లోపల మాత్రం మట్టం పెరుగుతుంటుంది. గచ్చు కింద నీరు ఒక్క అడుగు ఎత్తు ఒత్తిడితో నిలిచిందనుకోండి, చదరపు మీటరుకు దాదాపు 300 కిలోలు పైకి నెడుతుంది. నాలుగంగుళాల కాంక్రీటు గచ్చు బరువు చదరపు మీటరుకు 240 కిలోలే. పదికి పన్నెండు గది మొత్తం మీద లెక్కేస్తే ఆ తోపు దాదాపు 3.4 టన్నులు. గచ్చు పగిలేది అందుకే. వాటర్‌ప్రూఫ్ డబ్బాలు తెచ్చి లోపలివైపు పూస్తే పూత ఊడుతుంది, ఎందుకంటే నీరు దాని వెనకనుంచి తోస్తోంది. అదృష్టం బాగుండి పూత నిలిచినా నీరు పక్క గదిలో తేలుతుంది.

సంపు సంగతి ఇంకా చిత్రం. లోపలి కొలత 3 మీటర్లు, 2 మీటర్లు, లోతు 2 మీటర్లు, అంటే 12 వేల లీటర్ల ఆర్‌సీసీ సంపు తీసుకుందాం. గోడలు, అడుగు 15 సెంటీమీటర్లు, పై స్లాబు 12. కాంక్రీటంతా కలిపి సుమారు 13 టన్నులు. బయటి కొలతతో అది తోసేసే నీరు 17 టన్నులు. చుట్టూ ఊట నీరు సంపు నెత్తి దాకా వచ్చి, అదే సమయంలో మీరు కడగడానికి సంపు ఖాళీ చేస్తే 4 టన్నుల తేడాతో సంపు పడవలా పైకి తేలడానికి చూస్తుంది. చుట్టూ మట్టి పట్టు ఉండబట్టి కొన్ని తేలవు. తేలినవి పైపులు విరగ్గొట్టుకుని, ఒక మూల లేచి ఆగిపోతాయి. మళ్లీ కిందికి దించడం ఉండదు, పగలగొట్టి కొత్తది కట్టుకోవడమే.

దీనికి కట్టేటప్పుడే అడుగు స్లాబును నాలుగు వైపులా అడుగు చొప్పున బయటికి చాపాలి. ఆ అంచు మీద పడిన మట్టి బరువే సంపును పట్టి ఉంచుతుంది. కట్టేసిన సంపు అయితే సెప్టెంబర్ నుంచి జనవరి వరకు సగానికి తగ్గనివ్వకండి, కడుగుడు పని మే నెలకు పెట్టుకోండి. సెప్టిక్ ట్యాంకుకూ ఇదే సూత్రం. ట్యాంకర్‌తో మలం లాగించేది నడి వానాకాలంలో అయితే, లాగిన వెంటనే నీళ్లతో నింపేయమని చెప్పండి. ప్లాస్టిక్ సెప్టిక్ ట్యాంకులు బరువు తక్కువ కాబట్టి మరీ తొందరగా తేలుతాయి, కింద కాంక్రీటు దిమ్మ వేసి పట్టీలతో బిగించాల్సిందే.

పైవైపు అడ్డ కాలవ

ఇంటికి ఊట నీరు రాకుండా చేసే పని ఇల్లు దగ్గర చేసేది కాదు, పైవైపు చేసేది. వాలుకు అడ్డంగా, ఇంటికి ఎగువన ఒక ట్రెంచ్ తవ్వి, వచ్చే నీటిని అక్కడే పట్టి పక్కనుంచి కిందికి వదిలేయడం. పని ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకోవాలి.

ముందు అనుకున్న గీత మీద మూడు చోట్ల గోతులు తీయించండి, ఐదారడుగుల లోతు. రాత్రి వదిలేసి పొద్దున చూస్తే నీరు ఏ ఎత్తులో చేరిందో, బండ ఎంత లోతులో ఉందో తెలుస్తుంది. ట్రెంచ్ అడుగు ఆ బండలోకి అర అడుగైనా దిగాలి. బండకు పైనే ఆపేస్తే నీరు పైపు కిందనుంచి జారి ఇంటికే వస్తుంది. కాలవ వేసినా తడి తగ్గలేదని వాపోయే చోట్ల తవ్వి చూస్తే ఎక్కువసార్లు కనిపించే తప్పు ఇదే. బండ అందనంత లోతులో ఉంటే, పైపు కనీసం ఇంటి గచ్చు మట్టానికి ఒకటిన్నర అడుగు కింద ఉండేలా చూసుకోండి.

ఇంటికి మరీ దగ్గరగా తవ్వితే పునాది కింద మట్టి కదులుతుంది. ట్రెంచ్ పునాది అడుగుకంటే ఎన్ని అడుగులు లోతుకు పోతుందో, కనీసం అన్ని అడుగులు పక్కకు జరగాలి. పది అడుగుల దూరం దొరికితే ఏ బాధా లేదు. తవ్వడం కింది కొస నుంచి, అంటే నీరు బయటికి పోయే చోటు నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. అప్పుడు తవ్వుతుండగానే నీరు దానంతటదే పోతుంది. పైనుంచి మొదలుపెట్టిన కూలీలు మోకాలి లోతు బురదలో మోటారు పెట్టుకుని అవస్థ పడుతుంటారు. నాలుగడుగులు దాటాక ఊట మట్టి గోడలు చెప్పకుండా కూలతాయి. పలకలు, అడ్డ కర్రలు బిగించండి, లేదా గోడలను వాలుగా చెక్కండి. తీసిన మట్టిని అంచు నుంచి మూడడుగుల దూరంలో వేయించండి. ఒక్క మనిషిని ఎప్పుడూ ట్రెంచ్‌లో వదలకండి.

అరవై అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ట్రెంచ్‌కు సామాను ఇలా పడుతుంది. నాలుగంగుళాల పీవీసీ పైపు, అంటే 110 ఎం.ఎం., 20 అడుగులవి మూడు, బయటికి పోయే దూరానికి విడిగా ఇంకొన్ని. రాయి మూడడుగుల ఎత్తు నింపితే 360 క్యూబిక్ అడుగులు, మూడున్నర యూనిట్లు. అది 20 ఎం.ఎం. మెటల్ (కంకర) అయ్యుండాలి, కడిగినది. క్రషర్ నుంచి దుమ్ముతో వచ్చిన మెటల్ అలాగే పోస్తే ఆ దుమ్మే మొదటి వానకు పైపు చిల్లులు మూసేస్తుంది. నేసింది కాకుండా దుప్పటిలా ఒత్తుగా ఉండే జియోటెక్స్‌టైల్ గుడ్డ, చదరపు మీటరుకు 150 నుంచి 200 గ్రాముల బరువుది, 60 చదరపు మీటర్ల పైన.

గుడ్డను ట్రెంచ్ అడుగు, గోడల మీద పరిచి, పైన మడత వేయడానికి అడుగు మిగల్చండి. అడుగున మూడంగుళాల మెటల్, దాని మీద పైపు, మళ్లీ మెటల్, పైన గుడ్డ మడత. ఆ పైన అడుగు మందం బంకమట్టి దట్టించాలి, వాన నీరు పైనుంచి దిగకుండా. గుడ్డ రాయికంతటికీ చుట్టాలి. పైపుకు మాత్రమే చుడితే, చారెడు జాగాలో మన్ను పేరుకుని ఒకటి రెండేళ్లలో బిగుసుకుపోతుంది. గుడ్డ బదులు గోనెసంచులు వేసే అలవాటు ఇంకా ఉంది. అవి కుళ్లిపోయాక మన్ను నేరుగా రాళ్లలోకి దిగుతుంది.

పైపుకు చిల్లులు 8 ఎం.ఎం. బిట్‌తో, నాలుగంగుళాలకొకటి, రెండు వరసలు. ఈ వరసలు కిందివైపు ఉండాలి, గడియారంలో ఐదు, ఏడు ఉన్న చోట్ల. ప్లంబర్లు దాదాపు అందరూ చిల్లులు పైకి పెడతారు, నీరు పైనుంచే కదా పడేది అని. ఊట నీరు ట్రెంచ్ అడుగు నుంచి పైకి నిండుతుంది. చిల్లు పైనుంటే నీరు పైపంత ఎత్తు నిండాకే లోపలికి పోతుంది, ఈలోపు ట్రెంచ్ అడుగెప్పుడూ తడే.

వాలు వంద అడుగులకు అడుగు, అంటే అరవై అడుగులకు ఏడంగుళాల పైచిలుకు. నీళ్ల ట్యూబుతో ప్రతి పది అడుగులకు చూసుకోండి. మధ్యలో ఒక్కచోట పైపు కుంగినా అక్కడ ఒండ్రు చేరుతుంది. ఈ వాలులో నాలుగంగుళాల పైపు సెకనుకు ఐదు లీటర్ల దాకా మోస్తుంది. నిమిషానికి 46 లీటర్ల ఊట అందులో ఆరో వంతు కూడా కాదు. కాబట్టి పెద్ద పైపు కొనమని చెప్పేవాళ్ల మాట వినక్కర్లేదు, ఆ డబ్బు మెటల్ కడిగించడానికి పెట్టండి.

చిల్లుల పైపు అయిపోయి మామూలు పైపు మొదలయ్యే చోట, ట్రెంచ్‌కు అడ్డంగా రెండడుగుల బంకమట్టి కట్ట వేయాలి. అది లేకపోతే నీరు పైపులోకి రాకుండా పైపు బయట మెత్తటి మట్టి వెంబడే పోయి, మీరు కోరుకోని చోట తేలుతుంది. పై కొసన పైపును నిలువుగా నేల పైకి తెచ్చి మూత బిగించండి, ఏడాదికోసారి అందులోంచి గొట్టం పెట్టి జోరుగా నీళ్లు కొట్టడానికి. మలుపు దగ్గర ఛాంబర్ తప్పనిసరి. బయటి కొసకు జాలీ, లేకపోతే ఎలుకలు, కప్పలు కాపురం పెడతాయి.

డాబా మీది వాన నీళ్ల పైపును ఈ కాలవలో కలపకండి. పైపు నిండుగా ఉన్నప్పుడు నీరు చిల్లుల్లోంచి వెనక్కి, నేలలోకి పోతుంది. పట్టిన ఊటను మీరే మళ్లీ తయారు చేసినట్టవుతుంది. మొదటి రెండు మూడు వారాలు బయటి కొసన నీరు కాస్త బురదగా రావడం సహజం. నెల దాటినా మన్ను వస్తూనే ఉంటే గుడ్డ ఎక్కడో చిరిగింది, లోపల మట్టి ఖాళీ అవుతోంది, పైన నేల కుంగుతుంది. వెంటనే తవ్వి చూడాలి. తుప్పు రంగు జిగురు కనిపిస్తే అది నీటిలోని ఇనుమును తిని బతికే బ్యాక్టీరియా. ప్రమాదం లేదు కానీ చిల్లులు మూసేస్తుంది. అలాంటి నీటికి చిల్లులు 10 ఎం.ఎం. వేసుకుని, ఏడాదికి రెండుసార్లు కడగాలి.

ఇంటి కింద మాత్రం మట్టి నింపిన పైన అర అడుగు 40 ఎం.ఎం. మెటల్, దాని మీద 250 మైక్రాన్ల పాలిథిన్ షీటు, ఆ తర్వాతే కాంక్రీటు. మట్టి నీటిని వత్తిలా పైకి పీలుస్తుంది, పెద్ద రాళ్ల మధ్య ఆ పీల్చుడు తెగిపోతుంది.

చెక్కిన వాలుకు గోడ కట్టినవాళ్లు ఒక్క సంగతి చూసుకుంటే చాలు. గోడలో ప్రతి నాలుగైదు అడుగులకు మూడంగుళాల పైపు ముక్క బయటికి వాలుగా, వరస మార్చి వరస పెట్టి ఉండాలి, వెనక అడుగున్నర మందం రాళ్లు నింపి ఉండాలి. తాపీపని అయ్యాక అందం కోసం ఆ కన్నాలు సిమెంటుతో పూసేస్తారు. తర్వాత తుఫానుకు గోడ పొట్ట ఉబ్బుతుంది.

హైదరాబాద్‌లో రాయి పేల్చి కట్టిన సెల్లార్లకు ఎగువన కాలవ వేసే చోటుండదు. అక్కడ ఊట బండ పగుళ్లలోంచి వస్తుంది. సెల్లార్ గోడల వెంబడి అర అడుగు కాలవ, ఒక మూల మూడడుగుల గుంట, అందులో ఫ్లోట్ స్విచ్ ఉన్న మోటారు, పైకి వెళ్లే పైపుకు నాన్ రిటర్న్ వాల్వ్, కరెంటు పోతే నడవడానికి ఇన్వర్టర్ లైను, పక్కన రెండో మోటారు. ఆ నీటిని డ్రైనేజీలోకి వదిలే బదులు మొక్కలకు, ఫ్లష్ ట్యాంకులకు వాడుకునే అపార్ట్‌మెంట్లు తెలివైనవి.

నీరు వాడుకోవాలంటే

ఊట కన్ను దగ్గర జేసీబీ వద్దు, పేల్చడం అసలే వద్దు. పలుగు, పారతో మెల్లగా మట్టి తీస్తూ, నీరు బండ మీదనుంచి వచ్చే అసలు చోటు కనిపించేదాకా వెనక్కి వెళ్లాలి. ఇంకాస్త లోతు చేస్తే ఇంకాస్త నీరు వస్తుందన్న ఆశతో కింది బండను కొడితే, ఉన్న నీరు కొత్త పగులులోకి దిగిపోవచ్చు. పోయిన ఊట తిరిగి రాదు.

కన్ను ముందు మీటరు కొలతల పెట్టె కట్టండి, మూడు గోడలు ఆర్‌సీసీ లేదా రాయి, కొండవైపు గోడ లేకుండా. ఆ వైపు పిడికిలంత రాళ్లు, వాటి ముందు 20 ఎం.ఎం. మెటల్ పేర్చాలి. పైన అడుగు మందం బంకమట్టి, కాళ్లతో తొక్కి మెత్తగా చేసినది. పెట్టెకు నాలుగు పైపులు. అడుగుకు ఆరంగుళాల పైన ఇంటికి వెళ్లే ఒకటింపావు అంగుళం పైపు, కొసకు జాలీ. అడుగు మట్టంలో కడుగుడు పైపు, రెండున్నర అంగుళాలు, వాల్వ్‌తో. పైన గాలి గొట్టం, కిందికి వంచినది. అన్నిటికంటే ముఖ్యమైనది పొర్లు పైపు, మూడంగుళాలు. అది ఊట కన్ను మట్టానికి కింద ఉండాలి. పైన పెడితే పెట్టెలో నీరు కన్నుకు ఎదురు ఒత్తుతుంది, ఊట ఆ పెట్టెను వదిలేసి పక్క స్థలంలోకి దారి మార్చుకుంటుంది. పొర్లు పైపుకు వాల్వ్ పెట్టే పెద్దమనుషులు కూడా ఉన్నారు. దానికి వాల్వ్ ఎప్పుడూ ఉండకూడదు.

మూత నేలకు ఆరంగుళాల ఎత్తున, డబ్బా మూతలా అంచులు కిందికి దిగి ఉండాలి. పెట్టెకు ఎగువన పాతిక ముప్పై అడుగుల దూరంలో వాన నీరు పక్కకు పోయేలా కాలవ, పశువులు రాకుండా కంచె. సెప్టిక్ నీరు ఇంకే సోక్ పిట్ పెట్టెకు పల్లపు వైపే, అదీ కనీసం 18 మీటర్ల దూరంలో. ఎగువన పెట్టాల్సిన పరిస్థితే ఉంటే ఆ నీరు తాగడానికి వద్దు, తోటకు వాడండి.

వాస్తు గురించి ఒక మాట. ఈశాన్యంలో ఊట పడితే గంగమ్మ వచ్చిందంటారు, నైరుతిలో పడితే పూడ్చేయమంటారు. పూడిస్తే ఏమవుతుందో పైన గచ్చు లెక్కలో చూశారు. నైరుతి ఊటను పైపులో పట్టి ఈశాన్యం ట్యాంకుకు తీసుకెళ్తే నీటికీ ఇబ్బంది లేదు, సిద్ధాంతిగారికీ ఇబ్బంది లేదు.

పెట్టె కట్టాక ఒకసారి గట్టి క్లోరిన్ పట్టించాలి. వెయ్యి లీటర్లకు 150 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్, అంటే లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్. బకెట్‌లో కలిపి తేటను పోయండి, అడుగున మిగిలే సున్నం వద్దు. రాత్రంతా ఉంచి, పొద్దున మొత్తం వదిలేసి, వాసన పోయేదాకా పారనివ్వాలి. ఆ నీటిని గెడ్డలోకి (కొండవాగులోకి), చేపలున్న కుంటలోకి వదలకండి. రోజువారీ తాగునీటికి వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు, గంట ఆగాక వాడాలి, కుళాయి దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. పౌడర్ సంచి తెరిచి నెలలు అయితే సత్తువ సగం పోతుంది, మూత గట్టి డబ్బాలో కొద్దికొద్దిగా తెచ్చుకోండి.

తేటగా ఉంది కాబట్టి మంచిదనుకోవడం ఊట విషయంలో పెద్ద పొరపాటు. ల్యాబ్ పరీక్షలో తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్లలో ఈ-కోలై అసలు ఉండకూడదు, లీటరుకు నైట్రేట్ 45 మిల్లీగ్రాములు దాటకూడదు, ఫ్లోరైడ్ 1, తప్పనిసరైతే 1.5, పీహెచ్ 6.5 నుంచి 8.5. పరీక్ష ఏడాదికి రెండుసార్లు, అందులో ఒకటి తొలకరి వానలయ్యాక, ఎందుకంటే ఎండాకాలమంతా నేల మీద పేరుకున్నదంతా అప్పుడే లోపలికి దిగుతుంది. కొండ ఊట కాస్త పులుపు వైపు ఉంటే జీఐ (జింకు పూత ఇనుప) పైపులను తొందరగా తినేస్తుంది, పీవీసీ వాడండి. నంద్యాల, కడప వైపు సున్నపురాతి నేలల్లో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. బెలుం గుహల్లో లాగే అక్కడి నేల కింద నీరు రాయిని కరిగించి దారి చేసుకుంటుంది, వడపోత లేకుండా పైన పడింది నేరుగా కిందికి వస్తుంది. వానకు ఊట రంగు మారిందంటే ఆ నీరు కాచుకునే తాగాలి.

పక్కవాళ్లు, కాగితాలు

పక్క భూముల మధ్య హక్కులు చెప్పే 1882 ఈజ్‌మెంట్ చట్టం 7వ సెక్షన్ ఉదాహరణల్లో ఇది నేరుగా ఉంది: ఎగువ భూమిలో సహజంగా ఉబికే నీరు, కాలవ కట్టకుండా పారేది, దిగువ భూమిలోకి సహజంగా పోతుంటే దిగువవాళ్లు పోనివ్వాలి. సహజంగా అన్న మాట పట్టుకోండి. వెడల్పుగా ఇంకిపోతున్న నీటిని మీరు నాలుగంగుళాల పైపులో చేర్చి పక్కింటి గోడ పక్కన ధారగా వదిలితే అది సహజం కాదు, తగవు అక్కడ మొదలవుతుంది. వీధి కాలవకో, గెడ్డకో చేర్చండి. వీధి కాలవకైతే మున్సిపాలిటీలో, పంచాయతీలో అడిగి కాగితం తీసుకోండి. ఊట నుంచి గెడ్డ మొదలవుతుంటే రెవెన్యూ వాళ్ల ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల) పటంలో అది పోరంబోకుగా ఉందేమో స్థలం కొనకముందే చూసుకోండి, అందులో గోడ కట్టాక చూసుకుని లాభం లేదు.

బయట నీరు నిలిచే కుంట ఉంచకండి. తేట నీరు వారం నిలిస్తే డెంగ్యూ దోమకు అంతకంటే మంచి చోటు లేదు.

ట్రెంచ్ మూసే ముందు పైపు మీద టేపు పరిచి, ఇంటి గోడ మూల నుంచి దూరం కనిపించేలా పది అడుగులకొక ఫొటో తీయండి. పైపు ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో, ఎంత లోతులో ఉందో ఇంటి ప్లాన్ జిరాక్స్ మీద ఎర్ర పెన్నుతో గీసి, దస్తావేజుల ఫైలులో పెట్టండి. నాలుగేళ్ల తర్వాత బోరు లారీ వచ్చి ఎక్కడ దింపమంటారని అడిగినప్పుడు ఆ కాగితం తీసి చూపించాలి.